పాలు, గుడ్డు, వేరుశెనగ పడని పసిపిల్లలకు తిండి: విశాఖ ఇళ్ళ కోసం సమగ్ర మార్గదర్శి

"పాలు పడవన్నారు, గుడ్డు పడదన్నారు, మరి పిల్లాడికి ఏం పెట్టాలండీ?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. మా బాబుకు పాలు, వేరుశెనగ పడవు. వాడికి వండిపెడుతూ, పిల్లల డాక్టరు చెప్పింది పాటిస్తూ మా ఇంట్లో స్థిరపడ్డ పద్ధతిని ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇది ఏడాది నుంచి మూడేళ్ళ మధ్య పిల్లల కోసం.

ఈ పద్ధతికంతా మూలం ఒక్కటే. పడదని తేలినదాన్ని పూర్తిగా తీసేయాలి. పడదని తేలనిదాన్ని ఒక్కటి కూడా తీయకూడదు. చాలా ఇళ్ళలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. భయపడి పది రకాలు మానిపిస్తారు, అసలు మానిపించాల్సింది మాత్రం నెయ్యి రూపంలోనో చట్నీ రూపంలోనో లోపలికి వెళ్తూనే ఉంటుంది.

1. ముందు అది అలర్జీయేనా తేల్చుకోండి

విశాఖ ఉక్కపోతలో పిల్లల ఒంటిమీద ఏది లేచినా తిండి మీదకే అనుమానం పోతుంది. చెమటకాయలు వేరు, దద్దుర్లు వేరు. చెమటకాయలు మెడ, వీపు, మడతల్లో సన్నగా గరుకుగా లేచి రోజుల తరబడి ఉంటాయి. అలర్జీ దద్దుర్లు దోమ కుట్టినట్టు ఉబ్బి, చోటు మారుతూ, కొన్ని గంటల్లో మాయమవుతాయి.

టమాటా, నారింజ తిన్నాక మూతి చుట్టూ మాత్రమే ఎర్రబడితే అది చాలావరకు పులుపు రసం తగిలిన మంట, అలర్జీ కాదు.

వెంటనే కనిపించే రకం అలర్జీలో తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవులూ కళ్ళూ వాయడం, వాంతి, దగ్గు, పిల్లికూతలు వస్తాయి. ఆలస్యంగా వచ్చే రకంలో గంటల తర్వాతో మర్నాడో విరేచనాలు, మలంలో నెత్తురు జీర, గజ్జి (ఎగ్జిమా) ఎక్కువవడం కనిపిస్తాయి. ఈ రెండో రకం మామూలు అలర్జీ రక్తపరీక్షలో దొరకదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఇవి సిద్ధం చేసుకోండి:

- ఏం తిన్నాడు, ఎన్ని చెంచాలు, ఏ టైముకు
- మొదటి లక్షణం ఏ టైముకు కనిపించింది, ఎంతసేపు ఉంది
- దద్దుర్ల ఫొటో (ఆస్పత్రికి చేరేసరికి అవి ఉండవు)
- అదే పదార్థం అంతకుముందు తిన్నాడా, అప్పుడేమైంది
- ప్యాకెట్ తిండి అయితే ఆ ప్యాకెట్

పరీక్షల గురించి ఒక మాట. డబ్బులు పోసి వందల పదార్థాలకు ఒకేసారి ప్యానెల్ చేయించకండి. రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. ఏ ఇబ్బందీ లేకుండా తింటున్న పిల్లల్లో కూడా పాజిటివ్ వస్తుంది. ఐజీజీ పేరుతో చేసే తిండి పరీక్షలు అలర్జీని చెప్పవు. ఏం జరిగిందో విని, దానికి తగ్గ పదార్థాలకు మాత్రమే చర్మపరీక్షో ఐజీఈ పరీక్షో (అలర్జీ కోసం చేసే రక్తపరీక్ష) రాసే డాక్టరు కావాలి.

2. ఆపద కాగితం ముందు, వంట తర్వాత

డాక్టరుతో రాయించిన ఒక కాగితం ఫ్రిజ్ తలుపు మీద ఉండాలి. ఇంట్లో ఎవరైనా చదవగలిగేలా పెద్ద అక్షరాల తెలుగులో రాసుకోండి.

తేలికపాటివి: నాలుగు దద్దుర్లు, దురద, ఒక వాంతి. డాక్టరు రాసిన అలర్జీ మందు వేసి, పిల్లాడి మీంచి చూపు తిప్పకుండా కూర్చోవాలి.

ప్రమాదకరమైనవి: ఆగని దగ్గు, పిల్లికూతలు, ఆయాసం, గొంతు బొంగురుపోవడం, నాలుక వాయడం, ఒళ్ళు పాలిపోయి వేలాడిపోవడం, దద్దుర్లతో పాటు మళ్ళీ మళ్ళీ వాంతులు. వీటిలో ఏది కనిపించినా మందు అడ్రినలిన్ ఇంజెక్షనే. తొడ బయటివైపు మధ్యభాగంలో, కండలోకి ఇస్తారు. దద్దుర్లకు వాడే సిరప్ ఊపిరిని కాపాడదు. అది పోసి చూద్దామని ఆగకండి.

తొడకు ఆనించి నొక్కితే మందు లోపలికి వెళ్ళే అడ్రినలిన్ పెన్నులు మన దగ్గర అంత తేలిగ్గా దొరకవు. పిల్లాడికి ఒకసారి పెద్ద రియాక్షన్ వచ్చి ఉంటే, ఇంట్లో అడ్రినలిన్ ఎలా ఉంచుకోవాలి, బరువును బట్టి ఎంత ఇవ్వాలి, ఎలా పొడవాలి అన్నవి డాక్టరు దగ్గరే చేసి చూపించమని అడగండి. అది ఎండలోనో కారు డాష్‌బోర్డులోనో పెట్టకూడదు, ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

ఆ సమయంలో ఈ వరస తప్పకండి:

- అడ్రినలిన్ ఉంటే ముందు అది, వెంటనే 108
- పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తండి. ఆయాసపడుతుంటే కూర్చోబెట్టండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి
- నిలబెట్టకండి, నడిపించకండి, గొంతులో వేలుపెట్టి కక్కించకండి
- తేరుకున్నా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. కొన్ని గంటల తర్వాత రెండోసారి తిరగబెట్టవచ్చు

ఏ ఆస్పత్రి అన్నది ఇవాళే అనుకోండి. మహారాణిపేట చుట్టుపక్కల వాళ్ళకు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) దగ్గర. గాజువాక, మధురవాడ వాళ్ళు ఊరు దాటుకుంటూ అక్కడిదాకా పరుగెత్తే బదులు, పిల్లల డాక్టరు రాత్రిపూట కూడా ఉండే దగ్గరి ఎమర్జెన్సీ ఏదో ముందే కనుక్కుని, ఒకసారి దారి చూసి రండి.

3. వంటిల్లు సర్దుకోవడం

అందరూ తొందరగా దాటేసేది ఇదే. నేను మాత్రం ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే జాగ్రత్తపడే ఇళ్ళలో కూడా దెబ్బ తగిలేది ఇక్కడే.

మిక్సీ జార్ తీసుకోండి. పొద్దున్న పల్లీ చట్నీ రుబ్బారు, కడిగారు, కళ్ళకు మెరుస్తోంది. ఇప్పుడు మూతకున్న రబ్బరు రింగును చెంచా కాడతో పైకి తీయండి. ఆ గాడి పొడవునా చట్నీ తడి గోధుమరంగులో అంటుకుని ఉంటుంది. బ్లేడు కింద ఇరుసు చుట్టూ ఇంకాస్త ఉంటుంది. అదే జార్‌లో పిల్లాడి కొబ్బరి చట్నీ వేస్తే వేరుశెనగ పెట్టినట్టే. కడగడంతో పరిష్కారం కాదు. చిన్న జార్ ఒకటి పిల్లాడికి విడిగా కొని, మూతకు రంగు టేపు అంటించండి.

దోసెల పెనం కూడా అంతే. నూనె రాయడానికి సగం కోసిన ఉల్లిపాయ వాడతాం కదా, నెయ్యి దోసె మీద తిరిగిన ముక్కే పిల్లాడి దోసెకూ తిరుగుతుంది. వాడి దోసెలు ముందు పోయండి, ఉల్లిపాయ ముక్క కొత్తది తీసుకోండి.

విడిగా ఉండాల్సినవి:

- మిక్సీ చిన్న జార్
- ఒక మూకుడు, ఒక గరిటె, చెక్క కవ్వం బదులు స్టీలుది
- పిల్లాడి గిన్నె, గ్లాసు, చెంచా
- గిన్నెలు తోమే పీచు (పాలగిన్నె తోమిన పీచుతో వాడి గిన్నె తోమకూడదు)
- పోపుల డబ్బా, లేదా పోపు దినుసులకు విడిగా చెంచా

వంట వరస: వాడిది ముందు, మనది తర్వాత. పప్పు ఉడికాక వాడి వాటా తీసి మూతపెట్టి, ఆ తర్వాతే మన గిన్నెలో నెయ్యి పోపు పెట్టాలి.

చేతులు సబ్బుతో, నీళ్ళతో కడగాలి. శానిటైజర్ క్రిములను చంపుతుందే తప్ప, చేతికంటిన వేరుశెనగ ప్రొటీన్‌ను తీసేయదు. పెద్దవాళ్ళు పల్లీలు తిన్న చేత్తో, అదే నోటితో ముద్దుపెట్టినా పసివాళ్ళ బుగ్గ మీద దద్దుర్లు లేవవచ్చు.

చేపలో రొయ్యలో పడని పిల్లలుంటే, అవి వేయించేటప్పుడు, ఎండుచేపలు కాల్చేటప్పుడు లేచే ఆవిరి కూడా కొందరికి పడదు. ఆ సేపు పిల్లాణ్ణి వంటింటి గాలి తగలని గదిలో ఉంచి కిటికీలు తెరవండి.

4. సరుకులు కొనేటప్పుడు

ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రత సంస్థ) 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద అలర్జీ కారకాలను విడిగా ప్రకటించాలి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు (గోధుమ, బార్లీ లాంటివి), రొయ్య పీత జాతి, గుడ్డు, చేప, వేరుశెనగ, జీడిపప్పు బాదం లాంటి గింజలు, సోయా, పాలు ఆ జాబితాలో ఉన్నాయి. నువ్వులు, ఆవాలు అందులో లేవు. నువ్వులు పడని పిల్లలుంటే కింది ప్రకటన ఒక్కటే చూసి ఊరుకోకుండా దినుసుల జాబితా మొత్తం చదవాల్సిందే.

ఆకుపచ్చ గుర్తు మీద చాలామందికి అపోహ ఉంది. మన దేశంలో గుడ్డు మాంసాహారం లెక్కలోకి వస్తుంది కాబట్టి, ఆకుపచ్చ గుర్తుంటే గుడ్డు దినుసుగా వేయలేదని అర్థం. పాలు శాకాహారమే కాబట్టి, పాల గురించి ఆ గుర్తు ఏమీ చెప్పదు.

పాలు ఈ పేర్లతో దాక్కుంటాయి: మిల్క్ సాలిడ్స్, వే, కేసీన్, కేసినేట్, బటర్ ఆయిల్. బిస్కెట్లు, బ్రెడ్, సూప్ పొడులు, చిప్స్ మీద చల్లే మసాలా, అన్నీ చూడాలి. పోయిన నెల కొన్న ప్యాకెట్టే అయినా ఈసారి మళ్ళీ చదవండి. కంపెనీలు చెప్పకుండా దినుసులు మారుస్తుంటాయి.

లేబుల్ లేనివాటి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి.

పిండి మర: గోధుమ పడని పిల్లలకు చోళ్ళు (రాగులు) పట్టిస్తారు. మరలో అంతకుముందు పట్టింది గోధుమలైతే, మన చోడిపిండిలో మొదట పడేది ఆ పిండే. పొద్దున్న మర తెరవగానే వెళ్ళండి, అయినా ముందు కొన్ని బియ్యం పట్టించి పక్కన పెట్టేయండి. గోధుమకు పెద్ద రియాక్షన్ వచ్చే పిల్లలకైతే మర వద్దు, ఇంట్లో మిక్సీలోనే పట్టండి.

గానుగ నూనె: ఇప్పుడు వీధికో గానుగ వచ్చింది. గానుగ పట్టిన వేరుశెనగ నూనెలో, నువ్వుల నూనెలో ప్రొటీన్ మిగిలి ఉంటుంది. పడని పిల్లలకు అది వద్దు. కొబ్బరినూనె అడిగినా, అదే గానుగలో అంతకుముందు ఏం ఆడించారో అడగండి.

ఇంగువ: డబ్బాలో వచ్చే ఇంగువలో ఎక్కువభాగం మైదానో గోధుమపిండో కలుపుతారు. గోధుమ పడని ఇంట్లో పులిహోర, చారు ద్వారా లోపలికి వెళ్ళేది ఇదే.

చేపలు: రొయ్యలు పడక, చేప పడే పిల్లలు చాలామంది ఉంటారు. ఫిషింగ్ హార్బర్ దగ్గరైనా, బజారులోనైనా ఒకే కత్తిపీట మీద రొయ్యలూ చేపలూ శుభ్రం చేస్తారు. కోనాం, చందువ లాంటివి ముక్క కొట్టించకుండా తెచ్చుకుని ఇంట్లో కోసుకోవడం మేలు. "అమ్మా, మా బాబుకి రొయ్య పడదు, పీట ఒకసారి కడిగి కొయ్యవా" అంటే వాళ్ళూ కాదనరు, కానీ ఆ కడిగే నీళ్ళు ఏ తొట్టివో కూడా చూడాలి.

5. తీసేసినదాని చోటు నింపడం

పాలు మానిపించి ఊరుకుంటే పిల్లాడు బరువు పెరగడు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 లెక్కల్లో ఏడాది నుంచి మూడేళ్ళ పిల్లలకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. రెండు గ్లాసుల పాలతో అది దాదాపు అందేది.

"చోడి అంబలి పోస్తున్నాం కదా, సరిపోతుంది" అంటారు. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నమాట నిజం. కానీ పసివాడు రోజుకు తినే పిండి 25 గ్రాములకు మించదు. అంటే 90 మిల్లీగ్రాములు. చోళ్ళు మంచివే, మానకండి, కానీ అవొక్కటే చాలవు.

- తల్లిపాలు తాగుతుంటే రెండేళ్ళ దాకా, ఆపైన కూడా ఆపకండి. తల్లి తన తిండిలో పాలు, గుడ్డు మానడం డాక్టరు చెబితేనే
- ఏడాది దాటి, సోయా పడే పిల్లలకు కాల్షియం కలిపిన సోయాపాలు డాక్టరును అడిగి వాడవచ్చు. కొందరికి పాలప్రొటీన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టిన (హైడ్రోలైజ్డ్) ప్రత్యేక పాలపొడి రాస్తారు
- కొబ్బరిపాలు, ఇంట్లో తీసిన బాదంపాలు రుచికి బాగుంటాయి, పాలకు బదులు కావు. వాటిలో ప్రొటీన్, కాల్షియం తక్కువ
- కాల్షియం, విటమిన్ డి, బీ12 చుక్కల మందు కావాలా అని అడగండి
- గుడ్డు తీసేస్తే పప్పు, చేప, కోడిమాంసం రోజూ ఏదో ఒకటి పడాలి

మేకపాలు, గేదెపాలు పరిష్కారం కాదు. వాటి ప్రొటీన్లు ఆవుపాల ప్రొటీన్లను పోలి ఉంటాయి, చాలామందికి అవీ పడవు. మరగబెట్టినా, తోడుపెట్టినా అలర్జీ పోదు. నెయ్యిలో కూడా పాలప్రొటీన్ కొంత మిగులుతుంది.

వేరుశెనగ పడదని కందిపప్పు, పెసరపప్పు మానిపించకండి. ఒకే జాతి అయినా చాలామంది పిల్లలు పప్పులు హాయిగా తింటారు. ఇప్పటికే తింటున్నదాన్ని భయంతో ఆపడం పెద్ద నష్టం.

6. ఒక రోజు ఇలా (పాలు, గుడ్డు, వేరుశెనగ లేకుండా)

పొద్దున్న: ఇడ్లీ, పుట్నాలపప్పు వేసిన కొబ్బరి చట్నీ. లేదా బెల్లం, కొబ్బరిపాలతో చోడి జావ.

పది గంటలకు: అరటిపండు, లేదా మెత్తగా ఉడికించిన చిలగడదుంప.

మధ్యాహ్నం: మెత్తటి అన్నం, తోటకూర పప్పు, నెయ్యి బదులు పడే నూనె ఒక చెంచా. చేప పడితే ముల్లు తీసిన కోనాం ముక్క, వేళ్ళతో నలిపి చూసి మరీ పెట్టండి.

సాయంత్రం: పెసరట్టు ముక్కలు, బొప్పాయి.

రాత్రి: కూరగాయల కిచిడీ, లేదా కోడిమాంసం మెత్తగా ఉడికించి కలిపిన అన్నం.

గింజలు పడే పిల్లలకైనా ఐదేళ్ళ లోపు పల్లీ, జీడిపప్పు పలుకులుగా పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా పొడిచేసి కలపాలి.

7. కొత్త పదార్థం మొదలుపెట్టే వరస

ఇది ఇంతవరకూ తినని పదార్థాలకే. ఒకసారి రియాక్షన్ ఇచ్చినదాన్ని ఇంట్లో ఎప్పుడూ "కొంచెం పెట్టి చూద్దాం" అనకండి. ఆ పరీక్ష ఆస్పత్రిలో, డాక్టరు ఎదురుగానే జరగాలి.

- జలుబు, జ్వరం, టీకా వేసిన రోజు వద్దు
- పొద్దున్న పూట పెట్టండి. రాత్రి నిద్రకు ముందు పెడితే ఏమవుతోందో తెలియదు
- మొదట పావు చెంచా, అరగంట ఆగి మరికొంచెం, తర్వాత రెండు గంటలు కనిపెట్టుకుని ఉండండి
- పడితే వారంలో రెండు మూడుసార్లు పెడుతూ ఉండండి. ఒకసారి పెట్టి నెలల తరబడి మానకండి
- మూడు రోజుల దాకా మరో కొత్తది వద్దు

పది పన్నెండు రకాలు వేయించి పట్టించే ఉగ్గుపిండి ఇలాంటి పిల్లలకు మొదట్లో పనికిరాదు. ఏదైనా తేడా వస్తే వాటిలో దేనివల్లో తెలియదు. ఒక్కో దినుసు విడిగా పడిందని తేలాక అన్నీ కలిపి పట్టించుకోండి.

8. ఇల్లు దాటితే

బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ కలిపే చేతులే పల్లీలూ తీస్తాయి. బజ్జీల నూనెలో అన్నీ వేగుతాయి. పిల్లాడికి ఇంటి డబ్బా తీసుకెళ్ళండి, మీరు పల్లీలు తింటే చేతులు కడిగాకే వాణ్ణి ఎత్తుకోండి.

హోటల్లో "పల్లీ వేశారా" అని ఒక్కటే అడిగితే చాలదు. కూర చిక్కదనానికి ఏం వేశారు, దోసెకు ఏం రాస్తారు, వేయించిన నూనె ఏది అని మూడూ అడగండి. సరిగ్గా జవాబు రాకపోతే అక్కడ పిల్లాడికి వద్దు.

పుట్టినరోజు పార్టీలో ఎగ్‌లెస్ కేక్ అనగానే ఊపిరి పీల్చుకోకండి. గుడ్డు లేని లోటు తీర్చడానికి పెరుగో కండెన్స్‌డ్ మిల్కో వేస్తారు. పాలు పడనివాడికి అది మరింత ప్రమాదం.

ప్రసాదం కాదనడం మనసుకు కష్టమే. అన్నవరం ప్రసాదంలో గోధుమనూక, నెయ్యి ఉంటాయి. పులిహోరలో వేరుశెనగ, జీడిపప్పు, ఇంగువ పడవచ్చు. కళ్ళకద్దుకుని మీ చేతిలోనే ఉంచుకోండి, బాబు చేతిలో అరటిపండు పెట్టండి.

అంగన్‌వాడీకి పంపిస్తుంటే టీచరుకు, ఆయాకు ఆపద కాగితం నకలు ఇవ్వండి. అక్కడ గుడ్డు, పాలు రోజువారీ తిండి. ఇంటికిచ్చే పిండి ప్యాకెట్ మీద దినుసులు చదివాకే వాడండి.

9. ఇంట్లో పెద్దవాళ్ళతో

"సిటికెడు నెయ్యికి ఏటవుద్దమ్మా, అలవాటైపోద్ది" అని మామ్మ అంటే అందులో ఉన్నది ప్రేమే. వాదనకు దిగకండి. "అత్తయ్యా, డాక్టరుగారు మీకు కూడా చెప్పాలన్నారు, ఒకసారి రండి" అని వెంటబెట్టుకుని తీసుకెళ్ళండి. కోడలు చెబితే వినని మాట డాక్టరు నోట వింటారు.

తర్వాత వాళ్ళకు ఒక పని అప్పగించండి. వాడి జార్, వాడి డబ్బాలు మామ్మ చేతిలో ఉంటే, ఇంటికి వచ్చినవాళ్ళు బిస్కెట్ చేతిలో పెట్టబోతే ముందు ఆపేది ఆవిడే. ఏం పెట్టకూడదో చెప్పడం కంటే ఏం పెట్టవచ్చో చెప్పే డబ్బా ఒకటి ఆవిడ దగ్గర నింపి ఉంచండి.

10. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

*గుడ్డు పడదని టీకా మానేయడం.* ఎంఎంఆర్ టీకా (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు వేసేది) గుడ్డు పడని పిల్లలకూ వేయవచ్చు. డాక్టరుకు చెప్పి వేయించండి.

*గజ్జి ఉందని అన్నీ మానిపించడం.* చర్మానికి ముందు మాయిశ్చరైజర్, డాక్టరు రాసిన పూత. తిండి కోత ఆ తర్వాత, అదీ ఆధారం ఉంటేనే.

*లాక్టోజ్ పడకపోవడమూ పాల అలర్జీయే అనుకోవడం.* మొదటిది పాలలోని చక్కెర అరగకపోవడం, ప్రాణానికి ముప్పు లేదు. పాల అలర్జీ ప్రొటీన్‌కు వచ్చేది. లాక్టోజ్ లేని పాలలో ఆ ప్రొటీన్ అలాగే ఉంటుంది.

*బరువు చూడకపోవడం.* నెలకోసారి తూచి, ఎదుగుదల చార్టులో గుర్తు పెట్టించండి. గీత పడుకుంటే పోషకాహార నిపుణుల్ని కలవండి.

11. మళ్ళీ పరీక్ష ఎప్పుడు

పాలు, గుడ్డు అలర్జీలు పెరిగేకొద్దీ చాలామంది పిల్లల్లో తగ్గిపోతాయి. వేరుశెనగ, చేప, రొయ్య అలర్జీలు అంత తేలిగ్గా పోవు. అందుకే ఆరు నెలలకో ఏడాదికో డాక్టరును కలిసి, ఇంకా మానాలా అని అడగాలి. ఒకసారి రాసిన జాబితానే బడికి వెళ్ళే దాకా పట్టుకుని ఉండకండి.

వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళాల్సినవి:

- తిండి డైరీ, ఎదుగుదల చార్టు, పాత పరీక్షల కాగితాలు
- ఈ మధ్య పొరపాటున తిన్నది ఏదైనా ఉంటే, ఎంత తిన్నాడు, ఏమైంది
- అడ్రినలిన్ ఉంటే దాని గడువు తేదీ, పిల్లాడి ఇప్పటి బరువు (బరువు పెరిగితే మోతాదు మారుతుంది)
- చర్మపరీక్ష ఉంటే అలర్జీ సిరప్ ఎన్ని రోజుల ముందు ఆపాలో ఫోన్‌లోనే అడిగి ఉంచుకోండి

బిస్కెట్‌లో కాల్చిన పాలు, కేక్‌లో కాల్చిన గుడ్డు కొందరికి ముందుగా పడతాయి. అలా మెట్టు మెట్టుగా అలవాటు చేయడం ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంట్లోనా ఆస్పత్రిలోనా అన్నది డాక్టరే చెప్పాలి. డాక్టరు చెప్పేదాకా ఇంటి జాబితాలో ఒక్క పేరు కూడా కొట్టేయకండి.